ముక్కుగారి ఇంట్లో కారమెల్ టీ

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు. ముందు గదిలో తమ్ముడు, అతని ఎదురుగా పొడవాటి బల్ల మీద వరసగా బోర్లించిన తెల్లటి పింగాణీ గిన్నెలు. వంటింట్లో మరదలు, వెలిగించని పొయ్యి ముందు చేతులు కట్టుకుని. నడవలో మేనకోడలు, ఒళ్ళో పుస్తకం, చూపు మాత్రం గేటు వైపు. ఇంటి వెనక బట్టలు ఉతుక్కునే చిన్న గదిలో అత్త, చేతిలో కెటిల్. ఇంకా రానివాడు ఒకడున్నాడు, మేనేజరు. నాలుగింటికి వస్తానన్నాడు. రాకపోయినా అతన్నీ లెక్కలో వేసుకోవాల్సిందే. పొద్దుటి నుంచి నలుగురూ అతని కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

అత్త అంటే మేనకోడలికి అత్త. మరదలికి వదిన, తమ్ముడికి అక్క. పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా బేకరీలోనే మిగిలిపోయారు. జీవితంలో సగానికి పైగా ఆమె ఆ బేకరీలో కేకుల మీద క్రీము పూలు వేసింది, చక్కెర కాచింది. చక్కెర కాచడం చెప్పినంత సులువు కాదు. కరిగి, తేనెరంగు దాటి, ఎర్రబడి, ఇంకొక్క క్షణం ఉంచితే మాడిపోతుందనగా దించెయ్యాలి. ఆ క్షణం ఏ గడియారానికీ తెలియదు, ముక్కుకే తెలుస్తుంది. పని మానేసి తమ్ముడి దగ్గరికి వచ్చిన ఏడాదే డాక్టరు ఆమె ఒంట్లో చక్కెర ఎక్కువైందని తేల్చాడు. కేకు మాట అలా ఉంచి, బిస్కట్ అంచు కూడా కొరకొద్దన్నాడు. ఇన్నేళ్ళూ చేతులకి పట్టిన చక్కెర ఇప్పుడు ఒంటికి పట్టిందిలే అని ఆమె నవ్వేసింది. నవ్వేసింది కానీ, మధ్యాహ్నం మూడయ్యేసరికి ఏమీ తోచక ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగేది. బేకరీలో చక్కెర గిన్నె పొయ్యెక్కే వేళ అది.

ఆ తిరుగుడు మాన్పించింది వీధి చివర టీపొడి కొట్టావిడ. ఒకరోజు ఆమె ఏదో డబ్బా మూత తీసి అత్త ముక్కు కింద పెట్టింది. నల్లటి టీ ఆకు, దానికి పట్టించిన కారమెల్ వాసన, అంటే కాగిన చక్కెర వాసన, సన్నగా తరిగిన వెనీలా కాయ. అత్త కొట్టు ముందు అలాగే నిలబడిపోయింది. వెనక నిలబడ్డవాళ్ళు జరగమ్మా జరుగు అంటున్నా ఆమెకు వినపడలేదు. ఇంటికి తెచ్చి, మరిగిన నీళ్ళు పోసి, పాలు కలపకుండా, చక్కెర కలపకుండా కప్పు ముఖం దగ్గర పెట్టుకుంది. వెన్నలో కాగుతున్న చక్కెర, వేడి తగ్గుతున్న పుడ్డింగ్, ఆ వెనకాల ఎక్కడో వెనీలా. గుక్క మింగితే మాత్రం ఉత్త టీ, కొంచెం వగరు, గొంతులోకి వెచ్చగా. ముక్కు పండగ చేసుకుంటుంటే నాలుక మర్యాదగా కూర్చుని చూస్తున్నట్టుండేది. డాక్టరు మాటా నిలబడింది, మూడింటి ముచ్చటా తీరింది. ఆనాటి నుంచి ఆ కప్పు లేని మధ్యాహ్నం ఆమెకు మధ్యాహ్నమే కాదు.

చిక్కల్లా ఏమిటంటే, తమ్ముడి ఉద్యోగం టీ రుచి చూడటం. ఏ తోట ఆకు ఏ పాళ్ళలో కలిపితే కంపెనీ టీ కంపెనీ టీలాగే ఉంటుందో చెప్పేవాడు అతనే. ఆఫీసులో అందరూ అతన్ని ముక్కుగారు అంటారు. ముక్కు మీద కోపం అని లోకంలో మాటవరసకి అంటారు, అతని విషయంలో అది అక్షరాలా నిజం. వాసన తగలగానే కోపం వచ్చేది. కారమెల్ టీ పేరు చెబితే మండిపడేవాడు. కేకుల కొట్టు కడిగిన నీళ్ళు అని దానికి పేరు పెట్టాడు. అత్త వెనక గదిలో డబ్బా మూత తీస్తే చాలు, ముందు గదిలోంచి అరుపు వచ్చేది. ఒకసారైతే గేటు తీస్తూ తీస్తూనే అరిచాడు, అప్పటికి ఆమె నీళ్ళు కూడా పెట్టలేదు. చివరికి అక్కాతమ్ముళ్ళు ఒప్పందానికి వచ్చారు. వెనక గదిలో, తలుపు వేసి, తలుపు కింద తడి తువ్వాలు దోపి, కిటికీ తెరిచి తాగాలి. గిన్నెలు బల్ల మీదకొచ్చిన రోజున అసలు తాగకూడదు.

ఆ రోజు గిన్నెలు బల్ల మీద ఉన్నాయి.

ఆఫీసులో రుచి చూసే గదికి రంగులు వేస్తున్నారు. రంగు వాసనలో టీ రుచి చూడటం కుదరదు కనక ఆ బల్ల, గిన్నెలు, చిన్న త్రాసు, ఉమ్మే డబ్బా అన్నీ ముక్కుగారి ముందు గదిలోకి వచ్చాయి. అప్పటి నుంచి ఆ ఇంట్లో నూనె కాగకూడదు, ఉల్లిపాయ తెగకూడదు. వాసన సబ్బు లేదు, ముఖానికి పౌడరు లేదు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు తినీ తినీ తన ముఖం కూడా అలాగే అయిందని మరదలు అద్దంలో చూసుకుని వాపోయింది.

అంతటితో పోతే బాగానే ఉండేది. పోయిన నెల తమ్ముడు సరేనన్న ఆకు దుకాణాల నుంచి వెనక్కొచ్చింది. పొగ వాసన కొడుతోందన్నారు. తోటలో ఆకు ఆరబెట్టేచోట ఎక్కడో పొగ చొరబడి ఉంటుంది, అది జరుగుతూనే ఉంటుంది. జరిగినప్పుడు పట్టుకోవడానికే ముక్కుగారున్నది. ఆయనెలా వదిలేశారు అని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఆ పొగ ఆకును ఆరు పొట్లాలలో ఒకదానిలో పెట్టి తెస్తానని, తన ఎదురుగా దాన్ని పట్టుకోవాలని మేనేజరు కబురు చేశాడు. పట్టుకుంటే సరే. పట్టుకోలేకపోతే ఆ బల్ల తిరిగి ఆఫీసుకు వెళ్తుంది, దాని వెనక కుర్చీ ఇంకొకరిది అవుతుంది. ఈ సంగతి అన్నం దగ్గర తమ్ముడే చెప్పాడు, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

మూడైంది. అత్త చేతులు ఊరుకోలేదు. వద్దు వద్దు అనుకుంటూనే వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. తువ్వాలు తడిపి తలుపు కింద దోపింది, ఒకటి చాలదని రెండోది కూడా. కిటికీ బార్లా తెరిచింది. ఒక్క కప్పు తాగితే ఈ గుండె దడ తగ్గుతుందని, తగ్గితే తమ్ముడికి పనికొచ్చే మాట ఏదైనా నోటికొస్తుందని తనకు తాను సర్దిచెప్పుకుంది. నీళ్ళు పోసింది. ఆవిరి లేచింది. మొదటి గుక్క గొంతు దిగిందో లేదో, మేనకోడలు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. తనకీ కాళ్ళూ చేతులూ ఆడటం లేదని, ఒక్క గుక్క పొయ్యమని గుసగుసగా బతిమాలింది. తువ్వాళ్ళు రెండూ తలుపుతోపాటు పక్కకి పోయాయి. కిటికీలోంచి వచ్చిన గాలి ఆ పిల్లను దాటుకుని, నడవ దాటుకుని, తిన్నగా ముందు గదిలోకి వెళ్ళింది.

ముగ్గురాడవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. ఇల్లంతా పుడ్డింగ్ వాసన. వంటింట్లోంచి మరదలు తువ్వాలు విసురుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"వదినా, మీకు దణ్ణం పెడతాను, ఆ మూత పెట్టండి. ఇవాళ కూడానా?"

అత్త మూత పెట్టింది. కప్పు మీద పళ్ళెం బోర్లించింది. మేనకోడలు చెవులు మూసుకుని నిలబడింది, అరుపు కోసం. అరుపు రాలేదు. ముందు గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు, అంతే.

"నాన్న మారిపోయాడు," అంది మేనకోడలు చేతులు దించి. "నీ టీకి అలవాటు పడిపోయాడత్తా."

అలవాటూ కాదు, ఏమీ కాదు, మీ నాన్న బుర్రలో ఇవాళ ఇంకేమీ దూరదు అని మరదలు కొట్టిపారేసింది. కానీ అత్త నవ్వలేదు. ఆమె కప్పు వైపు చూస్తూ నిలబడింది. నెల రోజులకు పైగా తమ్ముడు అరవడం లేదన్న సంగతి ఆమెకు ఇప్పుడు తట్టింది. మొన్న పాలు పొంగి పొయ్యంతా మాడు వాసన వేస్తే, గోడకి అవతల కూర్చుని అతను తాపీగా గోళ్ళు తీసుకుంటున్నాడు. మరదలు మరిచిపోయి వాసన సబ్బు వాడిన రోజున కూడా ఏమీ అనలేదు. వయసు పైబడి మెత్తబడ్డాడని అత్త లోలోపల సంతోషించింది. ఇప్పుడు ఆ సంతోషం మీద ఆమెకే అనుమానం వచ్చింది.

ఆమె కప్పు మీది పళ్ళెం తీసేసి, ఆవిరి కక్కుతున్న టీని పట్టుకుని నడవలోకి నడిచింది. అటు కాదు వదినా అని మరదలు చెయ్యి పట్టుకోబోయింది. అత్త ఆగలేదు. ముందు గది తలుపు నెట్టి లోపలికి వెళ్ళి దగ్గరగా వేసింది.

తమ్ముడు వీపు ఇటు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా వెళ్ళి అతని కుర్చీ వెనక నిలబడింది. కప్పును అతని మెడ పక్కగా పెట్టింది. ఆవిరి అతని చెవి మీదుగా పైకి పోతోంది. అతను గిన్నెలు సర్దుకుంటూనే ఉన్నాడు. ఆ కాసేపూ ఆమె ఎంత మొక్కుకుందో, అరవరా నాయనా, ఒక్కసారి అరిచెయ్యి అని.

చెవికి వేడి తగిలి అతను తల తిప్పాడు. కప్పు కనపడింది. అప్పుడు అరిచాడు.

"అక్కా! ఆ దరిద్రాన్ని ఈ గదిలోకి తెస్తావా? ఇల్లంతా కంపు చేసిపెట్టావు!"

అరుపు ఎప్పటిలాగే ఉంది. కానీ ఆలస్యంగా వచ్చింది, కళ్ళు చెప్పాక వచ్చింది. తమ్ముడి కోపాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషికి ఆ తేడా పట్టుకోవడం ఎంతసేపు? ఆమె కప్పు బల్ల అంచున పెట్టి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఎప్పటి నుంచిరా?" అంది నెమ్మదిగా.

ఎప్పటి నుంచి ఏమిటి అన్నాడు అతను. పని చెడగొట్టకు, అవతలికి వెళ్ళు అన్నాడు. ఆమె కదలలేదు. అతను ఒక గిన్నె తీసి తుడిచాడు, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు. చివరికి గుడ్డ కింద పెట్టేశాడు.

పోయిన నెల మొదట్లో జలుబు, జ్వరం వచ్చినప్పటి నుంచి అని చెప్పాడు. జలుబు పోయింది, జ్వరం పోయింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నాడు. ఈలోగా ఆకు రంగు చూసి, డికాషన్ మెరుపు చూసి, నాలుకకి తగిలే వగరు చూసి నెట్టుకొచ్చాడు. సగం పని కళ్ళూ నాలుకా చేసిపెట్టాయి. మిగతా సగంలోనే పొగ దూరింది. డాక్టరు దగ్గరికి రహస్యంగా వెళ్ళొచ్చాడు. రావచ్చు, రాకపోనూ వచ్చు, ఓపిక పట్టమన్నాడు ఆయన. భార్యకు చెప్పలేదు. చెబితే మనిషి నిద్రపోదు, నిద్రపోకపోతే ముఖం దాచుకోలేదు, ఆ ముఖం చూసి వీధంతా కనిపెడుతుంది.

"మరి నాకు?" అంది అత్త.

"నీకు చెబితే ఆఫీసుకి వెళ్ళి మాట్లాడతావు," అన్నాడు అతను.

అది అబద్ధమని ఆమె అనలేకపోయింది. బళ్ళో మాస్టరు కొట్టినప్పుడు వెళ్ళి మాట్లాడింది ఆమే. తమ్ముడు నోరు విప్పలేక నిలబడ్డ ప్రతిచోటా వెనకనించి ఆమె గొంతు వినపడింది.

తమ్ముడు బల్ల అంచున ఉన్న కప్పు దగ్గరికి లాక్కున్నాడు. ఇన్నేళ్ళలో ముట్టుకోని ఆ టీని నోటినిండా తీసుకుని, అలవాటు కొద్దీ చప్పరించి, నాలుక మీద తిప్పి, ఈసారి ఉమ్మకుండా మింగాడు.

"వేడి నీళ్ళు. కాస్త వగరు. ఇంకేం లేదు," అన్నాడు. కప్పు కింద పెట్టి, "ఎలా ఉంటుంది అక్కా అది?" అని అడిగాడు.

ఆమె చెప్పబోయింది. చక్కెర ఎర్రబడేటప్పుడు, వెన్న వేసిన క్షణాన పుట్టే వాసన ఒకటుంటుందని మొదలుపెట్టింది. వేలెత్తి చూపిస్తే చూడటానికి వాసన ఏమైనా గోడ మీది బొమ్మా? నిన్నటిదాకా ఈ టీని చూస్తే ముక్కు మూసుకున్న మనిషి, ఇవాళ దీన్ని ఒక్కసారి అసహ్యించుకోవడానికి ఏమిచ్చుకోమన్నా ఇచ్చేటట్టున్నాడు.

గోడ గడియారం చూసి ఆమె లేచింది. ఏడ్చేందుకు టైము లేదంది. నీళ్ళు పోసేది ఎవరు అని అడిగింది. మామూలుగా ఆఫీసు మనిషి పోస్తాడని, ఇంట్లో ఎవరైనా పొయ్యవచ్చునని అతను చెప్పాడు. అయితే నేనే పోస్తానని ఆమె తేల్చేసింది. గిన్నె గిన్నెకీ వంగి పోస్తుంది, పోసేటప్పుడు వాసన లేస్తుంది. టీలో మంచీ చెడూ తనకు తెలియకపోవచ్చు, మాడినదీ పొగచూరినదీ తెలియకుండా పోతుందా? ఏ గిన్నెలో పొగ తగిలితే ఆ గిన్నె అంచు గుడ్డతో తుడుస్తుంది. మిగతావాటి జోలికి పోదు. అంతే, ఎవరికీ అనుమానం రాదు.

తమ్ముడు లేచాడు. అలమరలోంచి రెండు డబ్బాలు తీశాడు. వెనక్కొచ్చిన పొగ ఆకు ఒకదానిలో ఉంది, మంచిది ఇంకోదానిలో. రెండింట్లోంచీ చిటికెడు చిటికెడు ఆమె అరచేతుల్లో పోసి, పొగది ఏదో చెప్పు అన్నాడు.

ఆమె కుడి చెయ్యి వాసన చూసింది. కారమెల్. ఎడమ చెయ్యి చూసింది. కారమెల్. ఊపిరి వదిలి, తల తిప్పుకుని, మళ్ళీ చూసింది. వెన్నలో కాగుతున్న చక్కెర తప్ప ఏమీ లేదు. ఇప్పుడే తాగిన కప్పు ఆమె ముక్కులో, నోట్లో, చీర కొంగులో, జుట్టులో అంతటా కూర్చుని ఉంది. ఆమెకు అంత హాయినిచ్చే ఆ వాసన జరుగు అంటే జరగడం లేదు. కుడి చెయ్యి ముందుకు చాపింది.

"కాదు," అన్నాడు తమ్ముడు. "అది మంచి ఆకు."

ముఖం కడుక్కుని వస్తానంది ఆమె. చీర మార్చుకుంటానంది. అరగంట పడుతుంది అక్కా, ముక్కు ఖాళీ అవడానికి అని అతను చెప్పాడు, ఎన్నో ఏళ్ళుగా కుర్రాళ్ళకి నేర్పిన పాఠం చెప్పినట్టు. అరగంట లేదు. నాలుగు కాకముందే గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది.

"పొడి ఆకు వేరు, వేడి నీళ్ళు పడ్డ ఆకు వేరు," అంది అత్త గబగబా. "నీళ్ళు పడితే నాకు తెలుస్తుంది. నువ్వు నా చేతిలో గుడ్డ చూస్తూ ఉండు. ఇంకెటూ చూడకు." తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, కారమెల్ కప్పు కొంగు చాటున దాచుకుని, వేడి నీళ్ళ కెటిల్ కోసం వెనక గదిలోకి పరుగెత్తింది. కప్పును తొట్టిలో పారబోసింది. పారబొయ్యడంతో ఇంకోసారి వాసన లేచింది.

మేనేజరు సన్నటి మనిషి, మెత్తటి మాట, చంకలో చిన్న పెట్టె. తమ్ముడు గుమ్మం దాకా ఎదురువెళ్ళి రండి సార్ అన్నాడు. మేనేజరు ఒక కాలు లోపల పెట్టి, రెండోది గడప అవతలే ఉంచి ఆగిపోయాడు.

"ఇదేమిటండీ," అన్నాడు నవ్వుతూ. "ఇల్లు మారి బేకరీలోకి రాలేదు కదా నేను? కారమెలా, వెనీలానా?"

తమ్ముడు నవ్వబోయాడు. ఇల్లు ఇంకా ఎంత వాసన వేస్తోందో అతనికి తెలియదు. చూపు మేనేజరు భుజం మీదుగా నడవలోకి వెళ్ళింది, కెటిల్ పట్టుకుని వస్తున్న అక్క ముఖం మీద ఆగింది. ఆ చూపు ఎంతసేపని, రెప్పపాటు. కానీ మేనేజరు ఆ చూపు వెంటే తల తిప్పాడు.

"నాదేనండీ అది," అంది అత్త అక్కడి నుంచే. "కారమెల్ టీ. తీపి మానేసినదాన్ని, ఇదొక్కటీ తాగుతాను."

మేనేజరు మర్యాదగా తలాడించాడు. తమ ఇంట్లో కూడా ఇలాంటిదే తాగుతారని, చాక్లెట్ కేకు వాసనదని, వానపడే సాయంత్రాల్లో తనకూ అదంటే ఇష్టమేనని చెప్పాడు. చెబుతూనే ముందు గదిలోకి వచ్చి పెట్టె బల్ల మీద పెట్టాడు. కిటికీల వైపు చూశాడు. అన్నీ వేసే ఉన్నాయి. గిన్నెల వైపు చూశాడు. అన్నీ సర్ది ఉన్నాయి. అప్పుడు తమ్ముడి వైపు చూశాడు, ఈసారి నవ్వు లేదు.

"ఈ వాసనలో గిన్నెలు సర్దుకున్నారా మీరు?" అన్నాడు. "పోయిన ఏడాది నా చొక్కాకి సిగరెట్ వాసన ఉందని నన్ను గదిలోంచి పంపించేశారే."

తమ్ముడు ఒక గిన్నెను అటు జరిపి ఇటు జరిపాడు. అత్త కెటిల్‌తో గుమ్మంలోకి వచ్చేసింది.

ఇక ఆమె నోరు ఆగలేదు. అంతా తనదే తప్పంది. ఇప్పుడే, మీరు గేటు తీస్తుండగానే చేసుకున్నానంది. తమ్ముడు కొంప ఎగిరిపోయేలా అరిచాడంది. కిటికీలు తియ్యబోతుంటే మీ కారు వచ్చిందంది. దుమ్ము వస్తుందని మళ్ళీ వేశాడంది. అసలు పొద్దుటి నుంచి మూడుసార్లు అరిచాడంది. అబద్ధానికి అబద్ధం తోడు పెడుతూ, ఒకదానికొకటి అతకడం లేదని తనకే తెలుస్తూ ఉంటే ఇంకా గట్టిగా చెప్పింది. మేనేజరు ఆమె వైపు చూడటం లేదు. అతను తమ్ముడినే చూస్తున్నాడు. ఆమె నడవలోకి తిరిగి, మరదలిని సాక్ష్యానికి లాగింది.

"ఏమ్మా, నువ్వు చెప్పు. అరిచాడా లేదా?"

మరదలికి ఏమీ తెలియదు. అయినా వదిన కళ్ళల్లో ఏదో చూసి ఆమె ముఖం పాలిపోయింది. "అరిచారండీ," అంది నేల చూపులు చూస్తూ. మేనకోడలు పుస్తకంలో తల దూర్చేసింది, ఎర్రబడిన చెవులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

తమ్ముడు అక్కను చూశాడు. భార్యను చూశాడు. కూతురి చెవులు చూశాడు. ముగ్గురూ తన కోసం వరసగా నిలబడి అబద్ధమాడుతున్నారు, అదీ చేతకాకుండా. అతని ముఖంలో ఇందాకటి నుంచి బిగించి పట్టుకున్నదేదో వదులైంది. ఒక్క నిమిషం సార్ అని మేనేజరుతో చెప్పి, గుమ్మం దగ్గరికి నడిచి వచ్చాడు.

అత్త కెటిల్ ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇందాక చెప్పిన గుర్తు ఇదేనన్నట్టు భుజం మీది గుడ్డ సర్దుకుంది. నీళ్ళు చల్లారిపోతున్నాయి, పొయ్యనియ్యి అంది, మేనేజరుకు వినపడేలా. ఆ తర్వాత పెదవులు కదలకుండా, తెలుస్తుందిరా నాకు, తెలుస్తుంది అంది.

అతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి కెటిల్ తీసుకున్నాడు. నీళ్ళు తొణికి ఇద్దరి చేతుల మీదా పడ్డాయి. ఇద్దరూ పట్టించుకోలేదు.

"చాలక్కా," అన్నాడు. గొంతు తగ్గించలేదు, మేనేజరు వింటే విననీ అన్నట్టు మామూలుగానే అన్నాడు. "నా ముక్కు సంగతి నేనే చెప్పుకుంటాను."

"ఏం చెప్తావురా?" అంది ఆమె. "చెప్పాక ఏం చేస్తావు?"

ఆమె తలుపు చట్రం మీద చెయ్యి వేసి నిలబడింది. అతను ఆ చేతిని మెల్లిగా ఎత్తి, ఆమెకే అప్పగించినట్టు ఆమె పక్కన దించాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆమె ముఖం మీద తలుపు వేసేశాడు.